ఆటలో సంపాదించుకున్న పేరు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా అధ్యాపకులు, తల్లిదండ్రులు, విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, వెనుక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "సెల్‌ఫోన్ వ్యసనం". ఆ మాట కింద సినిమాలు, రీల్స్, చాటింగ్, పేకాట అన్నీ చేరిపోతాయి కనుక, వారి అనుమతితో దానిని ఒక్క విషయానికి కుదించుకున్నాను. ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి ఆడే ఆటలు మనిషిని అంతగా ఎందుకు పట్టుకుంటాయి, ఆ పట్టుకూ, ఆటలో అతడు పెట్టుకున్న పేరుకూ ఉన్న సంబంధం ఏమిటి అన్నదే ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది.

ఈ ప్రశ్నకు మనం సాధారణంగా చెప్పుకునే జవాబు బొమ్మల గురించి ఉంటుంది. రంగులు, తుపాకుల చప్పుళ్లు, వేగం కలిసి పిల్లలకు మత్తెక్కిస్తున్నాయంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే రంగూ, బొమ్మా, చప్పుడూ ఏవీ లేని రోజుల్లోనే ఈ పట్టు బలంగా కనిపించిందని ఈ ఆటల చరిత్ర చెబుతోంది కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఒక కంప్యూటర్ ఆట రాయడం ప్రారంభించాడు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దానిని అందుకుని పెంచి పెద్దచేశాడు. దాని పేరు మడ్. తెర మీద అక్షరాలు తప్ప మరేమీ ఉండవు. మీరు ఫలానా చోట నిలబడి ఉన్నారని, ఫలానా దిక్కున దారి ఉందని రెండు మూడు వాక్యాలు వస్తాయి. ఉత్తరం అని టైపు చేస్తే ఉత్తరానికి వెళతారు, కత్తి తీసుకో అని టైపు చేస్తే కత్తి చేతికొస్తుంది. అదే సమయంలో వేరే గదిలోనో, వేరే ఊరిలోనో కూర్చుని ఆడుతున్నవాళ్లు ఆ చోటికి వస్తే వాళ్ల పేర్లు కూడా తెర మీద కనబడతాయి. వాళ్లతో మాట్లాడవచ్చు, కలిసి నిధి వెతకవచ్చు, కొట్లాడవచ్చు. పాయింట్లు పెరిగేకొద్దీ హోదా మారుతుంది. అయితే ఒక్కో మెట్టు ఎక్కడానికి అంతకు ముందు మెట్టుకు కావలసినవాటికి రెట్టింపు పాయింట్లు కావాలి. చిట్టచివరి మెట్టు మాంత్రికుడు. అక్కడికి చేరినవాడికి ఆ లోకం మీదే అధికారం వస్తుంది. మధ్యలో పోరాటంలో చనిపోతే మాత్రం ఆ పాత్ర మొత్తంగా చెరిగిపోతుంది, మళ్లీ మొదటి మెట్టు నుంచి రావలసిందే.

విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ఖాళీగా ఉండేది రాత్రిపూట కనుక, బయటివారికి టెలిఫోను లైను ద్వారా ఆడుకునే వీలు ఆ వేళల్లోనే కల్పించారు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో లోకల్ కాల్‌కు కూడా మాట్లాడినంతసేపటికీ బిల్లు పడేది. అయినా అర్ధరాత్రి దాటాక లేచి, బిల్లు పెరుగుతున్నదని తెలిసి కూడా, నల్లటి తెర మీద అక్షరాలు చదువుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నవాళ్లున్నారు. వాళ్లను కూర్చోబెట్టినది బొమ్మ కాదు, ఎందుకంటే అక్కడ బొమ్మే లేదు. ఆ లోకంలో వాళ్లకొక పేరుంది, ఆ పేరుకొక హోదా ఉంది, ఆ హోదాను గుర్తుపట్టే మనుషులున్నారు. నా ఉద్దేశంలో ఈ మూడూ కలిసినప్పుడే అసలు పట్టు మొదలవుతుంది.

ఆ ఆటలోనే సూ అనే పేరుతో మాంత్రికుల హోదాకు ఎదిగిన ఒక స్త్రీ ఉండేది. అందరికీ ఇష్టురాలు, కొత్తగా వచ్చినవారికి సాయపడేది, ఉత్తరాలు కూడా రాసేది. చాలాకాలం తరువాత ఆ పేరు వెనుక ఉన్నది పురుషుడని తేలింది. ఈ ఉదంతం విన్నవారిలో కొందరు మోసం అంటారు, కొందరు నవ్వుకుంటారు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఏళ్ల తరబడి ఆ మనిషి సూగా బతకడానికి అంత శ్రమ పడ్డాడంటే, తన సొంత పేరుతో పొందలేనిది ఏదో ఆ పేరుతో అతనికి దొరికి ఉండాలి.

ఆ పేరుకు తగిలిన దెబ్బ అసలు మనిషికి తగులుతుందా అన్న ప్రశ్నకు 1993లో జవాబు దొరికింది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాకేంద్రంలో పనిచేసే పావెల్ కర్టిస్ 1990లో లాంబ్డామూ అనే అక్షరాల లోకాన్ని ప్రారంభించాడు. మూడేళ్ల తరువాత ఒక రాత్రి మిస్టర్ బంగిల్ అనే పేరుగలవాడు అక్కడి ఒక చిన్న ప్రోగ్రామును వాడుకుని, ఇతరుల పాత్రలు తమంతట తాము అసభ్యమైన పనులు చేస్తున్నట్టు అందరి తెరల మీదా వాక్యాలు పుట్టించాడు. జరిగినదల్లా వాక్యాలే. కానీ తన పాత్రకు జరిగిన అవమానం గురించి మర్నాడు రాస్తూ ఒక స్త్రీ నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. సభ్యులు సమావేశమై గంటల తరబడి వాదించుకుని ఏదీ తేల్చుకోలేకపోయారు. చివరికి ఒక నిర్వాహకుడు తనంతట తానే ఆ పాత్రను తుడిచేశాడు. బంగిల్ అన్నది ఒక్క మనిషి కాదని, న్యూయార్క్ విశ్వవిద్యాలయ హాస్టల్లోని కొందరు కుర్రవాళ్లు కలిసి నడిపిన పేరని ఆ తరువాత బయటపడింది. ఒక పేరు వెనుక కొందరు ఉండవచ్చు, ఒక మనిషికి కొన్ని పేర్లు ఉండవచ్చు. అయినా ఆ పేరుకు తగిలిన గాయం మాత్రం నిజం. ఇంట్లో పిల్లవాడు ఆటలో ఓడిపోయి ముఖం ముడుచుకున్నప్పుడు "ఉత్త ఆటేగా" అనే ముందు ఈ సంగతిని గుర్తుచేసుకోమని తల్లిదండ్రులను కోరుతున్నాను.

అక్షరాల స్థానంలో బొమ్మలొచ్చాక ఈ లోకాలు లక్షల మందికి చేరాయి. 1999లో అమెరికాలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆట వచ్చింది. దాని లోకం పేరు నోరాత్. ఆడేవాళ్లే ఆ ఆట పేరును వక్రించి, కొకైన్ నుంచి తీసే ఒక మాదకద్రవ్యం పేరు కలిపి పిలుచుకునేవారంటే, పట్టు సంగతి వాళ్లకు తెలియనిది కాదు. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రనోవా అనే ఆర్థికశాస్త్రవేత్త ఆ లోకంలోని వస్తువులను జనం బయట డాలర్లకు అమ్ముకుంటున్న ధరలను బట్టి నోరాత్ తలసరి ఉత్పత్తిని లెక్కగట్టాడు. ఆ లెక్క రష్యా, బల్గేరియాల మధ్య నిలిచింది. మన దేశానికన్నా అది ఎక్కువ. పత్రికలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. ఆయన అదే అధ్యయనంలో ఆటగాళ్లను మరొక సంగతి కూడా అడిగాడు. నేను నివసించేది నోరాత్‌లో, బయటికి తరచుగా వెళ్లివస్తుంటాను అన్న వాక్యంతో మీరు ఏకీభవిస్తారా అని. దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు అవునన్నారు. ఇల్లు అక్కడ, ఉద్యోగానికో చదువుకో రావడం ఇక్కడికి అన్నమాట.

వేసిన వేషం మనిషిని మారుస్తుందా అన్నది మరో ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నిక్ యీ, జెరెమీ బెయిలెన్‌సన్ 2007లో ప్రచురించిన ప్రయోగాలలో, తెర మీద పొడవైన రూపం ఇచ్చినవాళ్లు డబ్బు పంపకాల బేరంలో గట్టిగా నిలబడ్డారు, అందమైన రూపం ఇచ్చినవాళ్లు ఎదుటివారికి మరింత దగ్గరగా వెళ్లి మాట్లాడారు. ఆ రూపాన్ని వాళ్లు ఎంచుకోలేదు, పరిశోధకులే తగిలించారు. కొద్ది నిమిషాలు ధరించిన రూపమే ఇంత పని చేస్తే, ఏళ్ల తరబడి సొంతంగా కట్టుకున్న రూపం ఎంత చేస్తుందో ఊహించుకోవచ్చు.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించింది. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగివచ్చింది, 2022 జూలైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆడనివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. దాదాపు వంద మంది విమానంలో నుంచి పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు, దొరికిన ఆయుధాలు ఏరుకుని పోరాడతారు. నిలబడవలసిన స్థలం క్రమంగా కుంచించుకుపోతుంది. చివరికి మిగిలిన మనిషి, లేదా నలుగురి జట్టు గెలిచినట్టు. దాదాపు అరగంట పడుతుంది.

ఈ ఆట పేరును ఎలా కడుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. కొత్తవాడు దిగే మొదటి ఆటల్లో ఎదురుగా ఉన్నవాళ్లు చాలామంది మనుషులు కారు, కంప్యూటర్ నడిపే బొమ్మలు. పిల్లల భాషలో బాట్‌లు. వాటిని సులువుగా కాల్చవచ్చు. వాడు గెలుస్తాడు, నాకిది వచ్చు అనుకుంటాడు. ఆ నమ్మకాన్ని ముందే లెక్కవేసి వాడి చేతిలో పెట్టారన్న సంగతి వాడికి చాలాకాలం దాకా తెలియదు. తరువాత మెట్లు మొదలవుతాయి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్, అన్నిటికన్నా పైన కాంకరర్. నా ఉచ్చారణకు వెనుక వరుసలో నవ్వుతున్నారు, తప్పుంటే సభ అయ్యాక దిద్దండి. ఎసెక్స్‌లో మాంత్రికుడైనవాడు మాంత్రికుడుగానే ఉండేవాడు. ఇక్కడ అలా కాదు. సీజన్ ముగియగానే హోదా కిందికి దిగిపోతుంది, పాత చోటికి చేరడానికి మళ్లీ ఎక్కాలి. సంపాదించుకున్న పేరు నిలవాలంటే ఆట ఆపకూడదు. ఈ ఏర్పాటు దానంతటదే వచ్చి పడినది కాదు, కూర్చుని ఆలోచించి చేసినది.

డబ్బు కూడా పేరు చుట్టూనే తిరుగుతుంది. ఆటలో చెల్లే యూసీ అనే నాణేలను అసలు రూపాయలతో కొని, వాటితో క్రేట్‌లు అనే మూసిన పెట్టెలు తెరుస్తారు. అందులో తుపాకీకి వేసే కొత్త రంగో, వేషమో వస్తుంది, చాలాసార్లు పనికిరానిదే వస్తుంది. ఎప్పుడు మంచిది వస్తుందో తెలియకపోవడమే చేతిని మళ్లీ మళ్లీ అటు లాగుతుంది. ప్రతిఫలం ఎన్నిసార్లకు వస్తుందో తెలియనప్పుడు జంతువు అన్నిటికంటే పట్టుదలగా మీట నొక్కుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు డెబ్బై ఏళ్ల కిందటే చూపించాయి. ఇది చాలామంది చెప్పే మాటే, నిజమే కూడా. కానీ వాళ్లు వదిలేసే సంగతి ఒకటుంది. ఆ వేషం వేసుకుంటే చూసేవాళ్లు ఉండాలి. ఒంటరిగా ఆడే ఆటలో బంగారు తుపాకీకి ఎవరూ వేలు ఖర్చు పెట్టరు. గ్లేసియర్ రంగు వేసిన తుపాకీ చేతిలో ఉన్నవాడిని, ఆటకు ముందు అందరూ చేరే లాబీలో చూడగానే మిగతావాళ్లు ఎలా పలకరిస్తారో విద్యార్థులు మీకు చెప్పగలరు.

నాకు తెలిసిన ఒక పాలిటెక్నిక్ విద్యార్థి ఉన్నాడు. తరగతిలో హాజరు పిలిచినప్పుడు వాడు చెప్పే "ప్రెజెంట్ సార్" పక్కవాడికి కూడా వినబడదు. వాడి ఇంట్లో ఒకసారి పక్కన కూర్చుని ఆట చూశాను. జట్టులో నలుగురు. ఒకడు విజయనగరం వైపు, ఒకడు నిజామాబాద్, ఇంకొకడికి హిందీ తప్ప రాదు. ఎక్కడ దిగాలో నిర్ణయించేది మనవాడే. "పోచింకి వద్దు, అక్కడ రష్ ఎక్కువ, పక్కన దిగి లూట్ చేద్దాం." కాసేపటికి, "జోన్ వచ్చేస్తోంది, జీపెక్కండి." తాను దెబ్బతిని నేల మీద పాకుతూ కూడా, "నన్ను రివైవ్ చెయ్యొద్దు, ముందు నువ్వు కవర్ తీసుకో" అని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. గొంతు ఖంగుమంటోంది. ముగ్గురూ మారు మాట్లాడకుండా విన్నారు. వంటింట్లో నుంచి తల్లి "ఏరా, అన్నం చల్లారిపోతోంది" అని కేకేసింది. "రెండు నిమిషాలమ్మా" అన్నాడు. ఆ రెండు నిమిషాలు పద్దెనిమిది కావచ్చని వాడికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆట మధ్యలో నిలిపే మీట లేదు. లేచిపోతే ముగ్గురు నష్టపోతారు, వాడి పాయింట్లు పడిపోతాయి, రేపు పిలిస్తే రారు. ఆ క్షణంలో వాడు ఎంచుకుంటున్నది అన్నానికీ ఆటకూ మధ్య కాదు, కొడుకుగా మాట పడటానికీ నాయకుడుగా మాట పోగొట్టుకోవడానికీ మధ్య.

ఇటువంటి సభల్లో ఎవరో ఒకరు ధర్మరాజు జూదాన్ని ఎత్తుకుంటారు. ఆ పోలిక డబ్బు పెట్టి ఆడే పేకాటకు సరిపోతుంది కానీ దీనికి అతకదు. ధర్మరాజు ఆటలో రాజ్యం పోగొట్టుకున్నాడు. ఈ పిల్లవాడికి ఆటలోనే రాజ్యం దొరికింది, లేవమంటే ఎందుకు లేస్తాడు?

ఆ రాజ్యాన్ని అమ్ముకోవడమూ ఉంది. "ఐడీ అమ్మేశాను" అన్న మాట మీరు వినే ఉంటారు. మంచి హోదా, అరుదైన వేషాలు ఉన్న ఖాతాలను టెలిగ్రామ్ గుంపుల్లో బేరం పెడతారు. కంపెనీ నిబంధనలు ఒప్పుకోవు, మోసపోయేవాళ్లూ తక్కువేమీ కాదు. అమ్మిన మర్నాడు అదే పేరు, అదే వేషం లాబీలో తిరుగుతూ ఉంటుంది, లోపల మనిషి వేరు. పాత స్నేహితులు పలకరిస్తే జవాబు వచ్చే గొంతు వేరు. పరీక్షల కోసమో, ఫీజు కోసమో ఐడీ అమ్మిన కుర్రవాళ్లు తరువాత ఆ పేరు ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటారు.

దీన్నంతటినీ వ్యసనం అనవచ్చా? అందరి విషయంలో అనకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో ఆటల రుగ్మతకు చోటిచ్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ కలిసి చదువునో, ఉద్యోగాన్నో, కుటుంబాన్నో బాగా దెబ్బతీస్తూ సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే ఆ పేరు పెట్టాలని చెప్పింది. ఆడేవారిలో కొద్దిమందికే ఇది వర్తిస్తుందని కూడా చెప్పింది. సెలవుల్లో రెండు వారాలు ఆటలో మునిగినవాడికి రోగి అని ముద్ర వేస్తే, వాడు ఆ ముద్రను కూడా ఒక బిరుదులాగా తగిలించుకుంటాడు.

డబ్బు పందెం ఆటల గురించి ఎక్కువ చెప్పను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. అది వేరే రోగం, దానికి వేరే మందు. రాష్ట్రాల నిషేధం ఉన్న కాలంలో కొందరు తాము వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్‌లు పెట్టుకుని ఆడారన్నది మాత్రం మన అంశానికి దగ్గరగా ఉంది. అక్కడ కూడా మారినది మనిషి గుర్తింపే.

ప్రభుత్వాలు వేళలు విధించిన చోటల్లా ఇదే జరిగింది. దక్షిణ కొరియా 2011 నవంబరు నుంచి పదహారేళ్ల లోపువారు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం చేసింది. పిల్లలు అమ్మానాన్నల నివాస గుర్తింపు సంఖ్యలతో లాగిన్ అయ్యారు. పదేళ్ల తరువాత ప్రభుత్వమే దానిని ఎత్తివేసింది. చైనా 2021లో పద్దెనిమిదేళ్ల లోపువారికి శుక్ర, శని, ఆదివారాల్లో, ప్రభుత్వ సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అనుమతించింది, అసలు పేరుతో నమోదు తప్పనిసరి చేసింది. పెద్ద కంపెనీలు ముఖం చూసి గుర్తుపట్టే ఏర్పాటు కూడా పెట్టాయి. వెంటనే పెద్దవాళ్ల ఖాతాలను అద్దెకిచ్చే వ్యాపారం పుట్టింది. మన దగ్గర బీజీఎంఐ పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టింది, తల్లిదండ్రుల ఫోను నంబరు అడిగింది. ఎవరి నంబరు ఇచ్చారో వెనుక వరుసలవారికి బాగా తెలుసు.

అలాగని చట్టం వద్దని నేననను. తుపాకీ రంగును లాటరీలాగా అమ్మే పద్ధతిని బెల్జియం 2018లో జూదంగా పరిగణించి అడ్డుకుంది, అటువంటి పని మన దగ్గరా జరగాలి. కానీ ఇంట్లో జరగవలసిన పని చట్టం చేయదు. మీ పిల్లవాడి ఆట పేరు మీకు తెలుసా? వాడు ఏ మెట్టు మీద ఉన్నాడు, జట్టులో ఎవరెవరున్నారు, నాయకుడా, వెనక ఉండి కాపు కాసేవాడా? ఇవి తెలియకుండా ఫోను లాక్కుంటే, ఏం లాక్కున్నామో మనకే తెలియదు. ఆపమనదలిస్తే ఆట ముగిశాక ఆపమనండి, మధ్యలో కాదు. గంటల లెక్క కన్నా ఆటల లెక్క నయం, రెండు ఆటలంటే రెండు ఆటలు. సీజన్ ముగిసి హోదా పడిపోయిన వారం మానిపించడానికి అనువైన సమయం, ఎందుకంటే అప్పుడు పోగొట్టుకునేది తక్కువ. కోపంలో ఖాతాను తుడిచేయకండి. ఆటను ఫోనులో నుంచి తీసేసినా ఖాతా ఉండనివ్వండి. తానే వదిలేశాననుకునే అవకాశం వాడికి ఉండాలి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. జట్టును నడపగల పిల్లవాడు మీ తరగతిలో నోరు విప్పడం లేదంటే, వాడి చేతికి క్రీడాదినోత్సవ ఏర్పాట్లో, ల్యాబ్ జట్టో అప్పగించి చూడండి. కొందరి విషయంలో ఏమీ జరగదు, కొందరి విషయంలో జరుగుతుంది.

నిద్ర, తిండి, చదువు మూడూ చెడి, నెలలు గడుస్తున్నా మారకపోతే ఇంటి ఉపాయాలతో కాలక్షేపం చేయవద్దు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి సాంకేతిక వినియోగ సమస్యల కోసం ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆడేది పిల్లవాడైనా, ఫోను తల్లిదండ్రులే చేయవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందుగా వెనుక వరుసల నుంచి.